అమ్మ చదివిన కాగితం

(మహిళల సమావేశంలో చెప్పిన మాటలు)



అడవులదీవిలో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంట్లో పిల్ల ఎనిమిదో తరగతి చదువుతోంది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి తల్లి చేతికి ఒక కాగితం ఇచ్చింది.

"ఏంటే ఇది?" అంది తల్లి.

"పరీక్షంటమ్మా. నెగ్గితే డబ్బులిస్తారంట. ఇంట్లో చూపించమన్నారు సార్."

తండ్రి ఊళ్లో లేడు. నిజాంపట్నం రేవు నుంచి వేటకు పోయాడు. ఎప్పుడొస్తాడో గాలికీ నీటికీ తెలియాలి. ఇదివరకైతే ఆ కాగితం చూరులోకి పోయేది. ఆయన వచ్చి చూసేసరికి గడువు దాటిపోయేది. అలా చూర్లలో మిగిలిపోయిన కాగితాలు ఎన్నో!

ఈసారి అలా జరగలేదు. ఈ తల్లి రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. చేతులు తుడుచుకుంది. దీపం కింద కూర్చుంది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది.

పైన పెద్ద అక్షరాలతో "ఎన్.ఎం.ఎం.ఎస్." అని ఉంది. అంటే ఏమిటి? పేదింటి పిల్లల్లో బాగా చదివేవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనం. ఇది 2008లో మొదలైంది. దేశం మొత్తం మీద ఏడాదికి లక్ష మంది పిల్లలకు ఇస్తారు. మొదట్లో నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2017 నుంచి నెలకు 1,000 చేశారు. అంటే ఏడాదికి 12,000. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. మొత్తం నాలుగేళ్లకు 48,000 రూపాయలు.

పరీక్ష ఎనిమిదో తరగతిలోనే ఎందుకు పెట్టారు? దానికి కారణం ఉంది. ఎక్కువమంది పేద పిల్లలు ఆ తరగతి దాటాకే బడి మానేస్తారు. మగపిల్లవాడు చెరువు కాపలాకు పోతాడు. ఆడపిల్ల రొయ్యలు ఒలిచే పనికి పోతుంది. లేదంటే పెళ్లి మాటలు మొదలవుతాయి. డబ్బు లేక పిల్ల చదువు ఆగకూడదని ఈ సాయం పెట్టారు.

ఎవరు రాయవచ్చు? సర్కారు బడి, జిల్లా పరిషత్తు బడి, మున్సిపల్ బడి, ఎయిడెడ్ బడి పిల్లలు రాయవచ్చు. ప్రైవేటు బడి పిల్లలకు లేదు. తిండీ వసతీ ఇచ్చే గురుకులాల పిల్లలకూ లేదు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 చాలు.

"అమ్మో, పరీక్ష చాలా కష్టమేమో!" అనుకుంది తల్లి. పిల్ల పాత ప్రశ్నపత్రం తెచ్చి చూపించింది. అందులో రెండు భాగాలు ఉన్నాయి. ఒక్కోదానిలో 90 ప్రశ్నలు. ఒకటి ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల మీద. సైన్సు, లెక్కలు, సాంఘికం. రెండోది బుర్రకు పదును పెట్టే ప్రశ్నలు. తప్పు రాసినా మార్కులు కోత పెట్టరు. కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది.

బుర్ర ప్రశ్న ఎలా ఉంటుంది? "1, 3, 5, 7... తర్వాత ఏది?" ఇలా ఉంటుంది. తల్లి నవ్వింది. "ఇది ముగ్గే కదే!" అంది. నిజమే. మధ్యలో ఏడు చుక్కలు పెడతాం. పైకీ కిందికీ అయిదు, మూడు, ఒకటి. మొత్తం ఎన్ని చుక్కలు? ఏడు, దానికి పైన తొమ్మిది, కింద తొమ్మిది. పాతిక. బడి మెట్టు ఎక్కని ఆడవాళ్లు కూడా వాకిట్లో ఈ లెక్క చేస్తూనే ఉన్నారు. దానికి లెక్కలు అనే పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఆ రాత్రి పిల్ల ఇంకో సంగతి చెప్పింది. బడిలో ఇంకో పోటీ ఉందట. దాని పేరు ఇన్‌స్పైర్ మనక్. ఇందులో పరీక్ష ఉండదు. మార్కులు అడగరు. ఒక కొత్త ఆలోచన అడుగుతారు. అంతే! ఆలోచనను తెలుగులో రాసి ఇచ్చినా సరే. బడి వాళ్లు అయిదు ఆలోచనల దాకా పంపవచ్చు. ఎంపికైతే పిల్ల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. ఆ డబ్బుతో ఆలోచనను వస్తువుగా చేసి జిల్లా ప్రదర్శనకు తీసుకుపోవాలి. అక్కడ నెగ్గితే రాష్ట్రానికి, ఆ తర్వాత ఢిల్లీ స్థాయికి.

"మనకేం ఆలోచనలు వస్తాయే? మనం పట్నపోళ్లమా?" అంది తల్లి.

"అమ్మా, నువ్వు చేపలు ఎండబెడతావు కదా. అందులో నీకు కష్టం ఏది?"

ఆ మాట తల్లిని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఇసుకలో ఎండేస్తే ఇసుక అంటుకుంటుంది. ఈగలు ముసురుతాయి. కాకులు, కుక్కలు. ఒక పక్క ఎండుతుంది, రెండో పక్క పచ్చిగా ఉంటుంది. మబ్బు పట్టిందంటే పరుగే పరుగు. ఒక్క వాన పడితే గంపెడు సరుకు పురుగు పడుతుంది.

పిల్ల అదంతా రాసుకుంది. సైన్సు సారును అడిగింది. సార్ ఇలా చెప్పారు. నేల మీద కాకుండా కర్రల పందిరి మీద వల పరిచి ఎండబెడితే కింద నుంచి కూడా గాలి తగులుతుంది. రెండు పక్కలా ఎండుతుంది. ఇంకో పద్ధతి ఎండ పెట్టె. పెట్టె లోపల నల్ల రంగు వేస్తారు. పైన ఎండ లోపలికి దిగే పారదర్శక ప్లాస్టిక్ కప్పుతారు. నలుపు ఎండ వేడిని బాగా పట్టుకుంటుంది. లోపలి గాలి వేడెక్కుతుంది. వేడి గాలి పైకి పోతుంది. పోతూ పోతూ చేపలోని తడిని పట్టుకుపోతుంది. కింది కన్నంలోంచి కొత్త గాలి వస్తుంది. కన్నాలకు వల కడితే ఈగ దూరదు.

అయితే ఒక మాట. పందిరీ ఎండ పెట్టే ఇదివరకే ఉన్నాయి. వాటినే రాసి పంపితే లాభం లేదు. ఎక్కడో చూసి రాసిన దాన్ని పక్కన పెట్టేస్తారు. పిల్ల సొంతంగా ఏదో ఒకటి కలపాలి. వాన చినుకు పడగానే మూత దానంతట అదే మూసుకుంటే? ఇద్దరు ఆడవాళ్లు మోసుకుపోయేటట్టు పెట్టెను మడిచిపెట్టగలిగితే? అది పిల్ల సొంత ఆలోచన అవుతుంది. బజారులో అమ్మే బొమ్మ నమూనా కొని పంపే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. దానివల్ల పిల్లకు వచ్చేది ఏమీ లేదు.

చేపల వాసన పనిలో సైన్సు ఏముంటుంది అని నవ్వేవాళ్లు ఉంటారు. వాళ్లకు యలవర్తి నాయుడమ్మ గారి సంగతి చెప్పాలి. తెనాలి దగ్గర యలవర్రు ఆయన ఊరు. 1922లో రైతు కుటుంబంలో పుట్టారు. బాగా చదువుకున్నారు. అమెరికా వెళ్లి పెద్ద పట్టా తెచ్చుకున్నారు. ఇంతకీ ఏం చదివారు? తోళ్ల శుద్ధి! ఆ రోజుల్లో తోలు పని అంటే పెద్ద కులాలవాళ్లు ముట్టని పని. ఆయన దాన్నే శాస్త్రంగా పట్టుకున్నారు. మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు అధిపతి అయ్యారు. తర్వాత దేశంలోని సైన్సు పరిశోధనశాలల పెద్ద మండలికి అధిపతి అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానాన్ని సముద్రం మీద బాంబుతో పేల్చారు. అందులో ఆయన పోయారు. యలవర్రు, అడవులదీవి ఈ రోజు ఒకే బాపట్ల జిల్లాలో ఉన్నాయి.

బాలల సైన్స్ కాంగ్రెస్ అని ఇంకోటి ఉంది. 1993లో మొదలైంది. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లలు జట్టు కట్టి ఊరి సమస్య మీద పని చేసి చెప్పాలి. సముద్రం దగ్గరి ఊళ్లకు సమస్యలు కరువా? బావి నీళ్ల సంగతే చూడండి. ఈ ప్రాంతంలో భూమిలో అడుగున ఉప్పు నీరు ఉంటుంది. మంచినీరు తేలిక కాబట్టి దాని మీద తేలుతూ ఉంటుంది. మోటారు పెట్టి విపరీతంగా తోడితే అడుగు ఉప్పు నీరు పైకి వస్తుంది. నిన్నటిదాకా తియ్యగా ఉన్న బావి ఇవాళ ఉప్పగా మారేది అందుకే. ఇద్దరు పిల్లలు వీధిలో పది బావుల నీళ్లు తెచ్చి, ఒక్కో గ్లాసు చొప్పున ఇగిరేదాకా కాచి, అడుగున ఎంత ఉప్పు మిగిలిందో చూడవచ్చు. కాచేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. దీనికి ఖర్చేముంది?

చదువుకోవడానికి పుస్తకాలు కొననక్కర లేదు. ఏడు, ఎనిమిది తరగతుల సర్కారు పుస్తకాలే చాలు. పాఠం దగ్గర నలుపు తెలుపు గళ్లతో ఒక చదరం ఉంటుంది. సెల్‌ఫోను దానికి చూపిస్తే పాఠం బొమ్మలతో వస్తుంది. జన విజ్ఞాన వేదిక వాళ్ల 'చెకుముకి' పిల్లల సైన్సు పత్రిక కూడా మంచిదే.

ఇక అసలు చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. తెలివి లేక కాదు, కాగితం సరిగా లేక డబ్బు పోగొట్టుకున్న పిల్లలు ఉంటారు. తహసీల్దారు ఇచ్చే ఆదాయం కాగితం కావాలి. కులం కాగితం కావాలి. పిల్ల పేరున బ్యాంకు ఖాతా కావాలి. ఆ ఖాతాకు ఆధార్ కలిపి ఉండాలి. బడి రిజిస్టరులో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒక్కలాగే ఉండాలి. ఒకచోట నాగమణి, ఒకచోట ఉత్త మణి అని ఉంటే డబ్బు ఆగిపోతుంది. పుట్టిన తేదీ కూడా అంతే. 2022 ఏప్రిల్ వరకు ఇది గుంటూరు జిల్లా. పాత కాగితాల్లో ఆ పేరే ఉంటుంది. దరఖాస్తులో ఏ జిల్లా రాయాలో హెడ్మాస్టరు గారిని అడగాలి.

ఆ తల్లి మూడు కాగితాలూ చాప మీద పక్కపక్కన పరిచింది. అక్షరం అక్షరం పోల్చింది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు తప్పు పడింది. పిల్ల చూడలేదు. తల్లే పట్టుకుంది.

మూడో రోజు తండ్రి వచ్చాడు.

"ఎనిమిది చదివింది చాలదా? మా అక్క సంబంధం గురించి అడుగుతోంది" అన్నాడు.

"దానికి పద్నాలుగేళ్లయ్యా. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే నేరం. నాలుగేళ్లు సర్కారే నెలకు వెయ్యి ఇస్తానంటోంది" అంది తల్లి.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ రాసుంది. చదవనా?"

ఆమె చదివింది. అతను విన్నాడు. రెండుచోట్ల ఆగింది. పిల్ల అందించబోతే "ఉండవే, నేను చదువుతా" అంది. మర్నాడు ఆదాయం కాగితం కోసం అతనే వెళ్లాడు.

పరీక్ష నెగ్గగానే డబ్బు రాదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ అనే దానిలో పిల్ల పేరు నమోదు చేయాలి. ఆ ఒక్కసారితో అయిపోదు. ప్రతి ఏడూ మళ్లీ చేయాలి. దాన్ని రెన్యువల్ అంటారు. ఒక ఏడు మరిచిపోతే ఆ ఏటి డబ్బు పోయినట్టే. తొమ్మిదో తరగతి ఒక్కసారికే పాసవ్వాలి. పదిలో 60 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 55.

దరఖాస్తు గడువు సాధారణంగా వానాకాలం చివర్లో ఉంటుంది. పరీక్ష ఇటీవలి ఏళ్లలో డిసెంబరులో పెడుతున్నారు. తేదీ ఏటా మారుతుంది. బడి తెరిచిన నెలలోనే అడిగి గోడ మీద రాసుకోవాలి. పరీక్ష కేంద్రం సొంత ఊళ్లో ఉండకపోవచ్చు. హాల్ టికెట్టు రాగానే ఊరి పేరు చూసుకోవాలి. ముందురోజే బస్సు వేళ కనుక్కోవాలి. నల్ల బాల్‌పెన్నులు రెండు, మంచినీళ్ల సీసా, హాల్ టికెట్టు సంచిలో పెట్టాలి. పొద్దున్నే పిల్లకు కడుపునిండా అన్నం పెట్టి పంపాలి. మూడు గంటల పరీక్ష కదా.