చీకటిపెట్టెయు, నేటి కటకమును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



నేను పండితుడను కాను. గ్రామములో లెక్కలు వ్రాసికొని జీవించువాడను. ఈ గ్రంథాలయపు బీరువాలలోని భారత భాగవతములను, ప్రబంధములను నాకు నేనే చదువుకొని, తెలిసినంత తెలిసికొన్నవాడను. అట్టి నన్ను ఈ సందర్భమున ఏదైన నొక శాస్త్రవిషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినారు. రజతోత్సవ మనగా వెండిపండుగ. కావున వెండిని గూర్చియే మాటలాడుదునని ఒప్పుకొంటిని. ఈ బల్లమీద మీరు చూచుచున్న నల్లని చెక్కపెట్టె వెండితో బొమ్మలు తీయు యంత్రము. దీనిని మన యూరి వడ్రంగి ఆచారిగారు, పెండ్లిండ్లకు ఫోటోలు తీయు యువకుడొకడు, నేను, మువ్వురము కలిసి చేసినాము. దీని ముఖమున నున్న కటకము మాత్రము నేటి డిజిటల్ కెమెరాల కొఱకు చేసినది. పాత పద్ధతి పెట్టెకు క్రొత్త కాలపు కన్ను ఎట్లు అమరినదో, అందుకు చేయవలసిన లెక్క యేమో, ఇంత శ్రమ మనకెందుకో, ఈ మూడు విషయములను మనవి చేసెదను.

బొమ్మనుబట్టి మనిషిని గుర్తించుట మనకు క్రొత్త కాదు. భాగవత దశమస్కంధమున బాణాసురుని కూతురైన ఉష, స్వప్నమున చూచిన పురుషుడెవరో యెఱుగక దుఃఖించుచుండగా, చెలికత్తె చిత్రలేఖ దేవ గంధర్వ మానవ వీరుల రూపములను వ్రాసి యొకదాని వెంట నొకటి చూపినది. అనిరుద్ధుని రూపమును చూచి ఉష గుర్తుపట్టినది. చిత్రలేఖకు చిత్రకళయు కలదు, యోగశక్తియు కలదు. మనవంటి సామాన్యులకు ఆ రెండును లేవు. కావున వెలుగుచేతనే బొమ్మ వ్రాయించుకొను ఉపాయమును మానవుడు వెదకినాడు.

వెలుగు బొమ్మ వ్రాయుటను చూడదలచినవారు హంపీకి పోవచ్చును. విరూపాక్షస్వామి యాలయములో నొక చీకటిగది గోడకు చిన్న రంధ్రము కలదు. దానిగుండ తూర్పు గోపురపు నీడ ఎదుటి గోడపై తలక్రిందులుగా పడును. యాత్రికులు దానిని మహిమ యని చూతురు. కారణము సులభము. వెలుగు తిన్నగా పోవును. గోపురశిఖరము నుండి వచ్చిన కిరణము రంధ్రమున దూరి క్రిందికి పోవును. గోపురపాదము నుండి వచ్చినది పైకి పోవును. బస్రా నగరమున పుట్టి కైరోలో నివసించిన ఇబ్న్ అల్ హైతమ్ అను విద్వాంసుడు దాదాపు వేయి సంవత్సరముల క్రిందటనే వెలుగు నడకను శాస్త్రముగా విచారించినాడు.

ఆ రంధ్రమున్నచోట కటకమును, గోడ యున్నచోట ఫిల్మును పెట్టినచో అదియే కెమెరా. ఫిల్ముపై నున్నది జిలెటిన్ అను బంకలో కలిపిన వెండి లవణము. వెలుగు సోకినచోట అందు మార్పు కలుగును గాని కంటికి కనబడదు. డెవలపరు ద్రావణములో ముంచినపుడు వెలుగు సోకిన రేణువులు నల్లని వెండిగా మారును. పిమ్మట హైపో ద్రావణము వెలుగు సోకని లవణమును కరగించి తీసివేయును. మిగిలినది వెండితో వ్రాసిన బొమ్మ. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ గాజుపలకలపై తీసిన చిత్రములు నూఱు సంవత్సరములు దాటినను నేటికిని చూడదగియున్నవి. మన దేశముననే 1960లో ఉదకమండలమున స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు ‘ఇందు’ అను పేరుతో ఫిల్మును అమ్మినారు. ఆ కర్మాగారము మూతపడినది. అయినను అమెరికాలో కొడాక్, ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్ నలుపు తెలుపు ఫిల్మును ఇప్పటికిని తయారుచేయుచున్నవి. కావున చీకటిపెట్టెకు మేత కఱవు లేదు.

ఇక కటకము సంగతి. నేటి కటకములన్నియు మన పెట్టెకు తగవు. మూడు పరీక్షలు చేయవలయును.

మొదటిది కంటిపాప పరీక్ష. కటకములో వెలుగును తగ్గించుటకును, పెంచుటకును మూసికొని తెఱచుకొను ఱేకుల కన్ను కలదు. పూర్వము దానిని వేళ్లతో త్రిప్పు వలయముండెడిది. నేటి కటకములలో పెక్కింటికి ఆ వలయము లేదు. కెమెరాయే ఆజ్ఞ నీయవలయును. కానన్ ఈ.ఎఫ్. తరగతి కటకము విద్యుత్తు లేనిచో పూర్తిగా తెఱచుకొనియే యుండును. నికాన్ జీ తరగతి కటకము ఇందుకు విరుద్ధము. కెమెరానుండి ఊడదీయగనే లోని స్ప్రింగు దానిని మిక్కిలి చిన్న రంధ్రమునకు మూయును. మేము వాడిన 50 మిల్లీమీటర్ల కటకమున ఆ చిన్న రంధ్రము 16వ సంఖ్య. 50ని 16చే భాగించిన 3 మిల్లీమీటర్లు, జొన్నగింజంత. ఎక్కువ వెలుగు కావలసినపుడు వెనుకనున్న చిన్న మీటను వెదురు పేడుతో నెట్టి నిలిపినచో కన్ను తెఱచుకొనును.

రెండవది స్పష్టత పరీక్ష. దగ్గఱ దూరములకు సరిచేయుటకు కటకపు వలయమును త్రిప్పుదుము. అద్దము లేని నేటి కెమెరాల కటకములలో పెక్కింట ఆ వలయము లోని గాజును కదల్పదు. ఒక సంకేతమును మాత్రము పంపును. విద్యుత్తు లేనిచో ఎంత త్రిప్పినను ఫలము లేదు. మా కటకమున వలయమునకును గాజునకును చక్రముల సంబంధమున్నది. చేతితో త్రిప్పిన తిరుగును.

మూడవది వెలుగు వలయపు పరీక్ష. ఫిల్ముపై చిత్రము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. మూలనుండి మూలకు 43 మిల్లీమీటర్లు. డిజిటల్ కెమెరాలలో చిన్న పలక గలవానికై చేసిన కటకములు అంత వెడల్పు వెలుగు నీయలేవు, మూలలు నల్లబడును. కావున పూర్తి పలకకు తగిన కటకమునే తీసికొనవలయును.

కటకము కుదిరిన పిమ్మట దూరము కుదుర్పవలయును. కటకపు వెనుకటి లోహపు కట్టునుండి ఫిల్మునకు గల దూరము కంపెనీ కంపెనీకి నిర్ణీతము. కానన్ ఈ.ఎఫ్.కు 44 మిల్లీమీటర్లు. నికాన్‌కు 46.5 మిల్లీమీటర్లు, 1959 నుండి నేటివరకు ఆ తరగతికి ఇదియే కొలత. తాతనాటి పెట్టెకు మనుమనినాటి కన్ను అమరుట కిదియే కారణము. అద్దము లేని కెమెరాలకు ఈ దూరము 16 మొదలు 20 మిల్లీమీటర్లే యగుటచే, మధ్య మన చెక్కపలక ఆడుటకు చోటు చాలదు.

చెక్కపనిలో 46.5 మిల్లీమీటర్లు ఎట్లు సాధ్యమని ఆచారిగారు సందేహించినారు. లెక్క మనకు ధైర్యము చెప్పినది. కన్ను పూర్తిగా తెఱచి 2వ సంఖ్యలో నుంచినచో ఆ దూరమున మిల్లీమీటరులో నూటికి 6 వంతులు తేడా వచ్చినను బొమ్మ మసకబాఱును. 16వ సంఖ్యలో నున్నచో అటు అర మిల్లీమీటరు, ఇటు అర మిల్లీమీటరు దాకా క్షమ కలదు. అర మిల్లీమీటరు మన ఆచారిగారి ఉలికి కష్టము కాదు. పాడైన కెమెరా ముఖమునుండి తీసిన లోహపు కట్టును చెక్కకు బిగించి, ఫిల్మున్నచోట వెన్నకాగితమును పఱచి, దూరపు తాటిచెట్టు తలక్రిందులుగా స్పష్టముగా కనబడువఱకు పలుచని అట్టముక్కలతో సరిచేసినాము.

అన్నిటికంటె రుచికరమైనది రెప్పను గూర్చిన లెక్క. ఈ కటకములలో రెప్ప లేదు. అది కెమెరాలో నుండును. కావున మనమే చేసికొనవలయును. ఎండ బాగుగా కాయుచున్నపుడు, కన్ను 16వ సంఖ్యలో నుండగా, 100 వేగము గల ఫిల్మునకు సెకనులో నూఱవ వంతు కాలము వెలుగీయవలె ననునది ఛాయాచిత్రకారుల పాత సూత్రము. నూఱవ వంతును చేతితో కొలువలేము. భూమ్యాకర్షణను నమ్మినాము. చీలిక గల సన్నని పలక 20 సెంటీమీటర్లు పడునప్పటికి దాని వేగము సెకనుకు దాదాపు 2 మీటర్లు. చీలిక ఎత్తు 2 సెంటీమీటర్లైనచో ఫిల్ముపై ఒక్కొక్క చోటను దాటుటకు పట్టు కాలము సరిగా సెకనులో నూఱవ వంతు. అందుచే పెట్టెకు పైని జానెడుకు మించి, క్రిందను జానెడుకు మించి ఒర యున్నది. అందులో పలక కత్తివలె జాఱును. మరల పైకెత్తునపుడు కటకమునకు మూత పెట్టవలయును; లేనిచో రెండవమారు వెలుగు పడును. చెక్క రాపిడి లెక్కను చెఱుపవచ్చును గదా యని పరీక్షించినాము. సెకనుకు 240 చిత్రములు తీయు ఫోనును ఎదుట పెట్టి, వెనుక దీపముంచి పలకను వదలినాము. ఒక చుక్క వద్ద వెలుగు రెండు మూడు చిత్రములలో మాత్రమే కనబడినది. లెక్క సరిపోయినది.

ఇది జమాఖర్చుల పుస్తకము వంటిది. రంధ్రపు వైశాల్యము సగమైనచో కాలము రెట్టింపు కావలయును. ఫిల్ము వేగము రెట్టింపైనచో కాలము సగము చాలును. ఒకవైపు తగ్గినది మఱొకవైపు చేర్చినగాని మొత్తము కుదురదు. ఫిల్మును త్రిప్పుటకును లెక్కయే ఆధారము. అంచున నున్న రంధ్రముల మధ్య దూరము 4.75 మిల్లీమీటర్లు. ఎనిమిది రంధ్రములు గడచిన 38. అందు 36 బొమ్మకు, 2 సందుకు. రంధ్రమున దిగు చిన్న పలుచని నాలుక ఎనిమిదిమార్లు టిక్కుమనగనే ఆపవలయును. ఇట్లు ఒక చుట్టలో 36 బొమ్మలు. లోపల నల్లరంగు, అతుకులకు నల్ల మఖమలు, కడుగునపుడు ద్రావణము 20 డిగ్రీల వేడిమి. మన వేసవిలో నీటిలో మంచుగడ్డ వేయక తప్పదు.

ఇట్టి పని చేసినవారిలో మనమే మొదటివారము కాము. కియోవ్ పట్టణమున మిరొస్లాఫ్ తిఖీ (1926–2011) అను చెక్ దేశీయుడు అట్టలతో, డబ్బాలతో కెమెరాలు చేసి, ప్లాస్టిక్ ముక్కను పండ్లపొడి పేస్టుతోను, బూడిదతోను నునుపుచేసి కటకమునుగా వాడినాడు. 2013లో ఫ్రాన్సు దేశమున లియో మారియుస్ అను విద్యార్థి ఫిల్ము కెమెరా భాగములను ముద్రణయంత్రముతో పోతపోసి, ఆ నమూనాలను ఎల్లరకు ఉచితముగా ఇచ్చినాడు. ఒకరు పేదతనముతో, ఒకరు విద్యతో చేసినారు. మనకు రెండును కొంచెము కొంచెముగా కలవు.

పాత ఫిల్ము కెమెరా ఇంతకంటె చౌకగా దొరకును గదా యని మీరడుగవచ్చును. దొరకును. కాని కొన్న పెట్టె తెఱచి చూపదు. ఈ పెట్టెను మన బడిపిల్లలు విప్పి మరల బిగింపగలరు. వెలుగు ఎట్లు నడచునో వారు పుస్తకమున చదివినది ఇందు చేతికి తగులును. గ్రంథాలయమున ఇదియు నొక గ్రంథమే.

మఱి మనకెందుకను ప్రశ్న మిగిలినది. మా యువకుడు మొదటిదినముననే అడిగినాడు: “బాబాయ్, నా ఫోన్లో తొమ్మిదివేల బొమ్మలున్నాయి, ఒక్క బొమ్మకు ఇంత తంటా ఎందుకు?” తొమ్మిదివేలలో మీ తాతగారిది చూపుమంటిని. చాలసేపు వెదకి, అది పాత ఫోనుతో పోయినదన్నాడు. అప్పటినుండి ఆ ప్రశ్న అడుగలేదు.

మన ప్రాంతపు కష్టము మీకు తెలియనిది కాదు. 1986లో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. ఇండ్లతోపాటు గోడలమీది పెద్దల బొమ్మలును తడిసి చెడినవి. 2014లో పోలవరము ముంపు నిమిత్తము పూర్వపు ఖమ్మము జిల్లా మండలములు ఆంధ్రప్రదేశమున చేరినవి. మన బంధువుల గ్రామములలో కొన్ని కదలిపోయినవి, కొన్ని కదలుచున్నవి. గుడి, చింతచెట్టు, వాగు రేవు, ఊరి నడిమి రచ్చబండ నీటి క్రిందికి పోయిన పిమ్మట వాని రూపు ఎవరిని అడుగవలయును? 1941 ప్రాంతమున హైమెన్‌డార్ఫ్ అను పండితుడు పాపికొండల కొండరెడ్ల నడుమ నివసించి, 1945లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించినాడు. ఆయన తీసిన ఛాయాచిత్రములు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య విద్యాలయమున భద్రముగా నున్నవి. మంచిదే. కాని ఆ చిత్రములలోనివారి మనుమలలో ఎందఱు వానిని చూచిరి?

ఫిల్ము శాశ్వతమని నేననను. బూజు పట్టును, నీట నానును. అయినను నెగటివును ఎండకెత్తి చూచినచో, యంత్రమేదియు లేకున్నను, మనిషి కనబడును. ఫోనులోని బొమ్మయు అవసరమే. లెక్కలవాడు చిట్టాతో తృప్తిపడడు, ఆవర్జాయును వ్రాయును. అట్లే రెండుచోట్ల ఉంచుదము.

కావున కార్యవర్గమువారికి నా విన్నపము. ఈ పెట్టెను గ్రంథాలయమునకే అప్పగించుచున్నాము. మన గ్రామమునను, కదలవలసిన మన బంధువుల గూడెములలోను ఇంటికొక బొమ్మ తీయుదము. వారి యిష్టము నడిగియే తీయుదము. ప్రతి బొమ్మకు పేర్లు, తేది, చోటు ఒక రిజిస్టరున వ్రాయుదము. మొదటి ప్రతి ఆ యింటివారికి, రెండవది గ్రంథాలయమునకు, నెగటివు రేకుడబ్బాలో, 1986 నాటి నీటి గుర్తుకు పైనున్న అటకమీద. ఒక చుట్టకు 36 ఇండ్లు. ఫిల్మునకును, మందులకును అగు ఖర్చును నెలనెల ఈ గోడమీద వ్రాసి పెట్టుబాధ్యత నాది. పాల్వంచ పరగణా తహసీలుదారు కంచెర్ల గోపన్నగారి లెక్క గోలకొండలో ఎంత దూరము పోయినదో ఎఱిగిన ప్రాంతమిది. లెక్క బహిరంగముగా నుండుటయే మేలు.

 సభ ముగిసిన వెంటనే వెలుగుండగా, పిల్లలు ముందువరుసలోను, పెద్దలు వెనుకను మెట్లమీద నిలువగోరుచున్నాను. పలక పడిన చప్పుడు వినబడువఱకు ఎవరును కదలవలదు.

స్వస్తి.