బ్యాలెన్స్ షీటులో లేని మన పేరు



నేను పదో తరగతి దాకే చదివాను. కంపెనీ లెక్కల గురించి ఈమె ఏం చెబుతుంది అనుకోకండి. మన కారం, పసుపు కంపెనీలో మీలాగే నేనూ వాటా కట్టాను. ఆ లెక్క నాకు అర్థం కావాలి కదా!

పోయిన నెల ఒక వ్యాపారి మన డైరెక్టర్ల దగ్గరికి వచ్చాడు. "మీ ప్యాకెట్ మీది పేరు, బొమ్మ నాకు రాసివ్వండి, 50 వేలు ఇస్తాను. మీ బ్యాలెన్స్ షీటులో కంటికి కనిపించని ఆస్తులు 30 వేలే ఉన్నాయి కదా" అన్నాడు. మాలో కొందరం లాభమే అనుకున్నాం. నేనూ అనుకున్నాను, దాచడమెందుకు.

మర్నాడు ఆడిటర్ గారి దగ్గర కూర్చుని ఆ అంకె వెనకున్న నోట్ చదివించుకున్నాం. కంపెనీల చట్టం 2013 ప్రకారం మిషన్లు, బిల్డింగులు ఒకచోట, చేత్తో పట్టుకోలేని ఆస్తులు వేరేచోట చూపాలి. ఆ 30 వేలు మన పేరుది కానే కాదు! రెండేళ్ల కింద కొన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ది. నోట్‌లో ఇలా ఉంది: కొన్న ధర 50,000. పోయినేడు తగ్గించింది 10,000. ఈ ఏడు తగ్గించింది 10,000. మిగిలింది 30,000. ఐదేళ్లు వాడతామని లెక్క.

మరి మన పేరు ఏది? ఎక్కడా లేదు. అకౌంటింగ్ స్టాండర్డ్ 26 ప్రకారం మనం సొంతంగా పెంచుకున్న బ్రాండును ఆస్తిగా రాయకూడదట. ఎందుకంటే దాని కోసం ఇంత ఖర్చయిందని విడదీసి చెప్పలేం. కల్లంలో మిరపకాయలు ఏరిన చేతులకు, కల్తీ లేదన్న నమ్మకానికి బిల్లు ఏముంటుంది? అదే పేరును ఆ వ్యాపారి మన దగ్గర 50 వేలకు కొంటే, ఆయన బ్యాలెన్స్ షీటులో 50 వేల ఆస్తిగా ఎక్కుతుంది. మన పుస్తకంలో సున్నా, ఆయన పుస్తకంలో ఆస్తి. ఇది తెలియక సంతకం పెట్టేవాళ్లం.

అక్కలారా, లెక్కలో లేనిదంతా విలువ లేనిది కాదు. ఆడిటర్ గారు తప్పు రాయలేదు, మనమే చదవలేదు.

అందుకే వార్షిక లెక్కలు చదివేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. కనిపించని ఆస్తుల కింద ఏమేం ఉన్నాయి? ఎన్నేళ్లకు తగ్గిస్తున్నారు? వాటిలో ఏదైనా తాకట్టులో ఉందా? ట్రేడ్ మార్క్ సర్టిఫికెట్ కంపెనీ పేరు మీదే ఉందా, వేరే మనిషి పేరు మీద ఉందా? ఆ సర్టిఫికెట్ 10 ఏళ్లే చెల్లుతుంది. గడువు దాటకుండా మళ్లీ రెన్యువల్ చేయించాలి. మనది కంపెనీ పేరు మీదే ఉంది, చూసి వచ్చాను.

ఆ వ్యాపారికి ఇంకా జవాబు ఇవ్వలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ తీర్మానం మీ ముందుకొస్తుంది. నా మాట వద్దనే. కానీ చెయ్యెత్తే ముందు నోట్ ఒకసారి చదవండి. చదవడం రానివాళ్లు పక్కనున్న చెల్లెలితో చదివించుకోండి.

సెలవు.