మహాబలిపురం శిలపై తపస్వి ఎవరు?

గత సంవత్సరం ఒక ఆలయానికి విరాళం సమర్పించి, తిరుగు ప్రయాణంలో సముద్రతీరాన ఉన్న మహాబలిపురం చేరుకున్నాను. ఫలకంపై నా పేరు చిన్న అక్షరాలతో చెక్కారన్న బాధ మనసులో మెదులుతూనే ఉన్నది.

అక్కడ 7వ శతాబ్దంలో పల్లవులు మలచిన మహాశిల ముందు నిలిచాను. శిల నడుమ చీలిక, అందులో నాగదేవతలు. ఒకవైపు ఏనుగులు. పైన ఒంటికాలిపై చేతులెత్తి నిలిచిన తపస్వి, చెంతనే వరదహస్తంతో పరమశివుడు. ఆ తపస్వి పాశుపతం కోరిన అర్జునుడని కొందరంటారు. గంగను దింపిన భగీరథుడని మరికొందరంటారు. చీలిక పైభాగాన ఉన్న నీటితొట్టి ఆనవాళ్ళు రెండవ కథకు బలమిస్తున్నవి.

నా చూపు మాత్రం ఏనుగు దగ్గరి పిల్లిపై నిలిచింది. అదీ చేతులెత్తి తపస్సు చేస్తున్నది! చుట్టూ ఎలుకలు. దొంగజపంతో ఎలుకలను నమ్మించి భక్షించిన పిల్లి కథ మహాభారతంలోనిదే. అంత పెద్ద శిలపై ఏ దాత పేరూ నాకు కనబడలేదు. సిగ్గుపడ్డాను.

సమీపంలోనే స్థలశయన పెరుమాళ్ సన్నిధి. క్షీరసాగరశాయికి తామరలు అర్పింపగోరి పుండరీక మహర్షి సముద్రాన్ని దోసిళ్ళతో తోడబూనాడట. ఆ ఆర్తికి కరిగి స్వామియే వచ్చి, ఆ పూలు ధరించి, కటికనేలపై శయనించాడని స్థలపురాణం.

తపస్వి ఎవరో పండితులు నిర్ణయింతురుగాక. నేను పిల్లినా, పుండరీకుని బాటలోని వాడినా అన్నది నేనే తేల్చుకోవాలి. స్వస్తి.