పాత బాండ్‌సా చక్రాలకు కొత్త టైర్లు

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి, మెడికల్ కార్డుల సంగతి అయిపోయాక రంపం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నాకు సమయం ఇచ్చారు. మనలో వర్క్‌షాపుల్లో పనిచేసి వచ్చినవాళ్లం చాలామందిమి ఉన్నాము. వేలంలో కొన్న పాత మిషన్లు కొందరి పెరటి షెడ్లలో ఇంకా తిరుగుతున్నాయి. కొన్ని ఇళ్లలో పిల్లల బతుకుతెరువు వాటిమీదే ఉన్నది. వాటిలో బాండ్‌సా ఒకటి. దాని చక్రానికి ఉండే రబ్బరు టైరు పోయేసరికి, ఇక విడిభాగం దొరకదనుకుని మిషన్ మొత్తాన్ని పాత ఇనుము కింద అమ్మేస్తున్నారు. టైరు దొరుకుతుంది. ఎలా అడగాలో తెలిస్తే చాలు.

ఆఫీసు విభాగాల నుంచి వచ్చినవారి కోసం, ఇక్కడున్న ఆడపడుచుల కోసం ఒక మాట. బాండ్‌సా అంటే పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెంటినీ చుట్టి తిరిగే ఉక్కు పట్టీ రంపం. కింది చక్రాన్ని మోటారు తిప్పుతుంది. పై చక్రం ఊరికే తిరుగుతూ బ్లేడును బిగువుగా పట్టి ఉంచుతుంది. వంపులు తిరిగిన పని, అంటే పూజామందిరం తోరణం, మంచం తలాపి, కుర్చీ చేతులు కోయడానికి దీన్ని మించినది లేదు. ఈ ఆలోచనకు ఇంగ్లండులో 1809 నాటికే పేటెంటు ఉన్నా బ్లేడు అతుకు దగ్గర తెగిపోతూ ఉండేది. ఆ అతుకు నిలిచే పద్ధతికి 1846లో పేటెంటు పొందినది ఆన్ పోలిన్ క్రెపిన్ అనే ఫ్రెంచి మహిళ. యంత్రాలతో ఆడవాళ్లకేం పని అనేవారికి నేను ఈ సంగతి చెబుతూ ఉంటాను.

చక్రం పోత ఇనుముది. బ్లేడు నేరుగా ఇనుము మీద నడిస్తే జారుతుంది, పళ్లకు పక్కలకు ఇచ్చిన వంపు కూడా చెడిపోతుంది. అందుకని చక్రం చుట్టూ రబ్బరు వేస్తారు. సా మిల్లుల్లో దుంగలు కోసే పెద్ద మిషన్లకు ఇది ఉండదు. అక్కడి వెడల్పాటి బ్లేడు పళ్లు చక్రం అంచు దాటి బయటికి ఉంటాయి. మనది చిన్న మిషన్ సంగతి.

ఆ రబ్బరు మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉండాలి. పాత రైసు మిల్లుల్లో తోలు బెల్టులు గుర్తున్నాయా? పుల్లీకి గట్టు లేకపోయినా బెల్టు జారిపోయేది కాదు. పుల్లీ నడుము ఎత్తుగా ఉండటం వల్ల బెల్టు ఎప్పుడూ ఆ ఎత్తుకే ఎక్కేది. బ్లేడు సంగతీ అంతే. ఆ ఎత్తు అరిగిన రోజున బ్లేడు దారి తప్పుతుంది.

2022లో నాకు ఎదురైన సంగతి చెబుతాను. నాతో ప్యాటర్ను షాపులో పనిచేసి కాలం చేసిన ఒక మిత్రుని కొడుకు తండ్రి కొన్న 18 అంగుళాల బాండ్‌సా మీద పని చేసుకుంటున్నాడు. ఒకరోజు బ్లేడు చక్రం మీద నుంచి ఎగిరి లోపలి నుంచి తలుపును కొట్టింది. తలుపు మూసి ఉండబట్టి సరిపోయింది గాని లేకుంటే ముఖానికి తగిలేది. అతను నా దగ్గరకు వచ్చి, "బాబాయిగారూ, టైరు కోసం తిరగని షాపు లేదు. కంపెనీ మూతపడిందట. చక్రాలే కొత్తవి వేయాలన్నారు. పాతినుము వాడు కిలోల లెక్కన అడుగుతున్నాడు, ఇచ్చేయమంటారా?" అన్నాడు. కొత్త మిషన్‌కు అప్పు తెస్తే ఆ వాయిదాలు కట్టేంత పని అతని షెడ్డులో లేదు.

వెళ్లి చూశాను. కింది పెట్టె అడుగున పొట్టుతోపాటు నల్లటి రబ్బరు పలుకులు రాలి ఉన్నాయి. టైరు మీద గోరు నొక్కితే దిగలేదు. చేత్తో చక్రం తిప్పితే ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కున చప్పుడు. ఇవి చూస్తే టైరు పని అయిపోయిందని తెలిసిపోతుంది.

అతను షాపుల్లో అడిగినది కంపెనీ పేరు చెప్పి. నేమ్ ప్లేటు మీద మూడు పూతల రంగు ఉంటే షాపువాడు మాత్రం ఏం చేస్తాడు? రబ్బరుకు కంపెనీతో పని లేదు, కొలతతోనే పని. ఆ కొలత కూడా పాత టైరు మీద తీయరాదు. అది సాగి, అరిగి, ఉబ్బి ఉంటుంది. మెయిన్ స్విచ్ తీసేసి, బ్లేడు విప్పి, పాత రబ్బరును ఉలితో ఇనుముకు గాటు పడకుండా గీకి, నున్నటి చక్రం మీద అడ్డుకొలత తీయాలి. రబ్బరు కూర్చునే గాడి వెడల్పు, లోతు కూడా రాసుకోవాలి. మాకు అడ్డుకొలత 18 అంగుళాలు, అంటే చుట్టుకొలత సుమారు 56 అంగుళాలన్నర. రబ్బరు రింగు దానికన్నా చిన్నదిగా ఉండి, సాగి బిగియాలి గనుక 54 అంగుళాలు అడిగాము.

ఎక్కడ అడగాలన్నది అసలు ప్రశ్న. సికింద్రాబాదు రాణిగంజ్ వంటి చోట బెల్టులు, రబ్బరు సామాను అమ్మేవారు కొలత చెబితే రింగు గాని పట్టీ గాని చూపిస్తారు. పట్టీ అయితే అతుకు అడ్డంగా కాక ఏటవాలుగా కోసి వేయాలి. 14 అంగుళాల వంటి వాడుకలో ఉన్న సైజులకు పాలీయురెథేన్ టైర్లు ఇంటర్నెట్‌లో తెప్పించుకోవచ్చు. వాటిని వేడినీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక ఎక్కిస్తారు, చాలావాటికి జిగురు కూడా అక్కరలేదు. ఇవేవీ కుదరకపోతే ప్రింటింగు ప్రెస్ రోలర్లకు రబ్బరు ఎక్కించేవారి దగ్గరకు చక్రమే పట్టుకెళ్లవచ్చు. వారు రబ్బరును ఇనుముకే ఉడికించి పట్టించి, మధ్యలో ఎత్తు వచ్చేలా గ్రైండింగు చేసి ఇవ్వగలరు. గట్టిదనం లారీ టైరు తొక్కుడు భాగమంత ఉంటే మంచిది. సైకిలు ట్యూబు కోసి తొడిగేవారున్నారు. దాని మందం అంతటా ఒకేలా ఉండదు, అతుకు దగ్గర బ్లేడు ఎగురుతుంది. రెండు రోజుల పని గట్టెక్కడానికైనా నేను ఒప్పుకోను.

మాకు రింగు దొరికింది. ఎక్కించడం ఇద్దరి పని. ఒకచోట క్లాంపుతో బిగించి, మిగిలినది సాగదీసి గాడిలోకి దింపాము. సాగు ఒకవైపే ఉండిపోతే మందం తేడా వస్తుంది. అందుకని నున్నటి గుండ్రటి కడ్డీని రబ్బరు కిందకు దూర్చి చక్రం చుట్టూ మూడుసార్లు తిప్పాము. అప్పుడు సాగు సమంగా సర్దుకుంది. తర్వాత కొంచెం కొంచెంగా పైకి లేపుతూ ఇనుముకూ రబ్బరుకూ రెండిటికీ ఫెవికాల్ ఎస్.ఆర్. రాసి, వేలికి అంటనంతగా ఆరాక నొక్కి వదిలాము. ఒక రోజు పూర్తిగా ముట్టుకోలేదు. మర్నాడు చెక్కకు గరుకు కాగితం చుట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ అంచుల దగ్గర కాస్త ఎక్కువగా రుద్దాము. స్కేలు ఆనిస్తే మధ్యలో ఆని రెండు పక్కలా కొద్దిగా ఊగాలి. రెండు చక్రాలకూ ఇలాగే చేశాము. ఒకదానికి కొత్తది, ఒకదానికి పాతది ఉంచితే బ్లేడు నిలవదు.

ఆ కుర్రవాడికి ఇంకో రెండు సంగతులు చెప్పాను. చెక్క జిగురు అంటుకుంటుందని బ్లేడుకు కిరసనాయిలు పూసే అలవాటు చాలామందికి ఉన్నది. అది రబ్బరును ఉబ్బించి కుళ్లబెడుతుంది. సాయంత్రం పని ఆపగానే పై చక్రం బిగువు వదలాలి. రాత్రంతా బిగువుగా ఉంటే బ్లేడు ఆనినచోట రబ్బరు నొక్కుకుపోతుంది. ఎండాకాలం రేకుల షెడ్డులో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

ఆ బాండ్‌సా ఈ రోజుకీ నడుస్తున్నది. అతను నిన్న కూడా దాని మీద ఒక మందిరం తోరణం కోశాడు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి మిషన్ ఉంటే, చక్రం అడ్డుకొలత, గాడి వెడల్పు, లోతు ఒక కాగితం మీద రాసి కార్యదర్శిగారికి ఇవ్వండి. భోజనాలయ్యాక కూర్చుని చూద్దాము. కంపెనీ పేరు రాయనక్కరలేదు.