వేలి చుక్కతో షుగర్ పరీక్ష: అంకె చెప్పి పంపిస్తే చాలదు

(పామిడిలో జరిగిన రైతు సంఘం మండల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పంటల బీమా, ఇన్‌పుట్ సబ్సిడీ, వేరుశనగ ధర మాట్లాడాల్సిన చోట షుగర్ జబ్బు గురించి ఏం మాటలు అని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఈ జబ్బు ఇప్పుడు మన సేద్యం ఖర్చులోకి వచ్చింది కాబట్టే మాట్లాడుతున్నాం. ఇంట్లో ఒకరికి కాలి పుండు మానక ఆసుపత్రుల చుట్టూ తిరగడం మొదలైతే, విత్తనానికి దాచుకున్న డబ్బు అటే పోతుంది. ఆ మనిషి పని పోతుంది, తోడు కూర్చున్న మనిషి పని కూడా పోతుంది. వాన రాకపోతే పరిహారం అడుగుతాం. ఈ నష్టానికి అడిగే చోటే లేదు. అందుకే ముందే పట్టుకోవాలి.

ఇది కూర్చుని తినేవాళ్ల జబ్బు అనే మాట పాతబడింది

గోదావరి జిల్లాల్లో 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటిన సుమారు 4,500 మందిపై చేసిన సర్వే 2006లో అచ్చయింది. నూటికి 13 మందికి షుగర్ ఉన్నట్టు తేలింది. వాళ్లలో సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. వాళ్లూ మనలాంటి పల్లె జనమే. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అది చెప్పింది.

గోదావరి కాలువ కింది ఊళ్లు వేరు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని మన మెట్ట వేరు అనొచ్చు. కానీ మన కంచం ఎట్లా మారిందో చూడండి. ఒకప్పుడు కొర్ర, జొన్న, సజ్జ, ఆరికె, రాగి ఉన్న చేలల్లోకి వేరుశనగ వచ్చింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ చేలో చిరుధాన్యం పోయి, కంచంలోకి మూడు పూటలా తెల్లన్నం వచ్చింది. పని కూడా మారింది. దున్నేది ట్రాక్టరు, నూర్చేది మిషను. కరువు ఏడాదైతే నాలుగు నెలలు ఒళ్లు విరిగే పని, మిగతా నెలలు పనే లేదు. రైతు కదా, కష్టపడతాడు కదా అనే లెక్క ఏడాది పొడవునా నిలవదు.

ఇంకో సంగతి. తల్లి కడుపులో సరిగా పోషణ అందని బిడ్డకు పెద్దయ్యాక షుగర్ ముప్పు ఎక్కువ. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఏళ్ల తరబడి దీనిపై పని చేసింది. మన పిల్లలు పుట్టేటప్పుడు బరువు తక్కువ ఉన్నా ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ ఉంటోందని చూపించింది. అంటే సన్నగా ఉన్న మనిషికి షుగర్ రాదనుకోవడానికి లేదు. కరువులు చూసిన ప్రాంతం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మట్టి పరీక్ష లాంటిదే ఇదీ

వేలికి సూది గుచ్చి, ఒక చుక్క రక్తం స్ట్రిప్ మీద పెడితే క్షణాల్లో అంకె వస్తుంది. ఊళ్లోనే, కరెంటు లేకపోయినా అయిపోతుంది. పట్నం పోయే చార్జీ, ఒక రోజు కూలి మిగులుతాయి. ఇది మంచి పనిముట్టు. దీన్ని వద్దనేవాళ్లం కాదు మనం.

కానీ మట్టి పరీక్ష సంగతి మీకు తెలుసు. గట్టు పక్కన ఒక్కచోట తీసిన మట్టితో చేను మొత్తం గుణం తెలియదు. కార్డు చేతికొచ్చినంత మాత్రాన చేను బాగుపడదు. వేలి చుక్క పరీక్షకూ ఈ రెండు మాటలూ వర్తిస్తాయి. నమూనా సరిగా తీయాలి, తర్వాత పని జరగాలి.

నమూనా సంగతి ముందు. బెల్లమో, మామిడి పండో తిన్న చేతిని కడగకుండా గుచ్చితే అంకె ఎక్కువ చూపిస్తుంది. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టుకోవాలి. వేలి కొస పక్కన గుచ్చాలి, గట్టిగా పిండకూడదు. స్ట్రిప్‌లు ఎండకూ తేమకూ చెడిపోతాయి. చాలా రకాలను 30 డిగ్రీల లోపు ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. మన ఎండాకాలం 40 దాటుతుంది. బండి డిక్కీలో పెట్టి తిప్పిన డబ్బా, మూత తీసి వదిలేసిన డబ్బా నమ్మదగ్గవి కావు. గడువు తేదీ అడిగి చూడండి, అది మన హక్కు. రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు మిషను అంకెను కొంచెం ఎక్కువ చూపవచ్చు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష కూడా పక్కనే జరగాలి.

అన్నిటికన్నా ముఖ్యం సూది. మనిషికొక కొత్త సూది. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడితే కామెర్ల వైరస్‌లు, హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఉంది. ప్యాకెట్ మన కళ్ల ముందు విప్పకపోతే వేలు ఇవ్వొద్దు.

అన్నీ సరిగా చేసినా మిషనుకు ఒక హద్దు ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100 దాటిన అంకెల్లో 15 శాతం అటూ ఇటూ చూపినా అది మంచి మిషనే. అసలు 120 ఉన్న మనిషికి 102 రావచ్చు, 138 రావచ్చు. ఒక్క జల్లు పడితే కార్తె బాగుందనం, ఒక్క వారం ఎండితే కరువనం. అట్లే ఒక్క అంకె చూసి షుగర్ ఉందని మంచం ఎక్కొద్దు, లేదని ధీమా పడొద్దు.

ఏ అంకెకు ఏం చేయాలి

పరగడుపున, అంటే రాత్రి తిన్న తర్వాత 8 గంటలు నీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా చేస్తే: 100 లోపు అయితే మామూలు. 100 నుంచి 125 దాకా అంచు మీద ఉన్నట్టు. 126, ఆపైన వస్తే షుగర్ అనే అనుమానం, ఇంకో రోజు ల్యాబ్ పరీక్షతో ఖాయం చేసుకోవాలి.

తిన్న తర్వాత ఎప్పుడైనా చేస్తే: 140 దాటితే డాక్టరుకు చూపించి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. 200 దాటి, ఊరికే దాహం, మాటిమాటికీ మూత్రం, ఒళ్లు తగ్గడం కూడా ఉంటే ఆలస్యం చేయొద్దు. 300 పైన ఉండి వాంతులు, ఆయాసం, మత్తు ఉంటే అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి.

మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఇంకొకటి ఉంది, హెచ్‌బీఏ1సీ అంటారు. 6.5, ఆపైన వస్తే షుగర్. దానికి పరగడుపు అవసరం లేదు. అయితే రక్తహీనత ఉంటే అది కూడా తప్పు చూపవచ్చు, డాక్టరుకు ఆ మాట చెప్పండి.

ఇప్పటికే మాత్రలు వాడేవాళ్లకు ఒక మాట. మాత్ర వేసుకుని, తినకుండా చేలోకి పోతే షుగర్ పడిపోవచ్చు. వణుకు, చెమట, కళ్లు తిరగడం వస్తే వెంటనే చక్కెరో బెల్లమో నోట్లో వేసుకోండి. సద్ది మూటతో పాటు బెల్లం ముక్క కూడా ఉండాలి. వట్టి కాళ్లతో చేలో తిరగొద్దు. షుగర్ ఉన్న కాలికి కంప ముల్లు గుచ్చుకున్నా, పల్లేరు కాయ గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. కనబడకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి.

అసలు పని పరీక్ష తర్వాతే

షుగర్, బీపీ, క్యాన్సర్ లాంటి జబ్బులకు కేంద్రం 2010లో 100 జిల్లాలతో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయాలనేది ఇప్పటి నియమం. ఆశా అక్కలు ఫారం నింపుతున్నారు, 104 బండి వస్తోంది. వాళ్ల కష్టాన్ని మనం గుర్తించాలి. లోపం వాళ్ల దగ్గర లేదు.

పశ్చిమ గోదావరిలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం మనకు పాఠం. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ పోయి, గుండె జబ్బు ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లను గుర్తించి డాక్టరు దగ్గరకు పంపారు. ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మనకు అర్థమయ్యేది ఇది: గుర్తించడం ఒక పని, నయం చేయడం ఇంకో పని. మొదటిది బాగా చేసినంత మాత్రాన రెండోది దానంతట అది జరగదు.

అంచు మీద ఉన్నవాళ్లకు మాత్రం ఆశ ఉంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం అలాంటి 531 మందిని మూడేళ్లు గమనించింది. మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో నూటికి 55 మంది షుగర్‌లోకి జారారు. తిండి మార్చుకుని, నడక పెంచుకుని, వెంట ఉండి గుర్తుచేసేవాళ్లు ఉన్నచోట 39 మందే జారారు. నూటికి 16 మంది తప్పించుకున్నారు. వెంట ఉండి గుర్తుచేసేవాళ్లు ఎవరు? ఊళ్లలో ఆ పని చేయగలిగింది మన సంఘమే.

తిండి దగ్గర ఒక హెచ్చరిక. కొర్ర బువ్వ మంచిదే, రాగి సంగటి మంచిదే. కానీ కొర్రలు తింటున్నాం కదా అని మాత్ర మానేయొద్దు. సంగటి ముద్ద రెండింతలైతే లాభం లేదు. ముద్ద తగ్గి, పప్పు, ఆకుకూర పెరగాలి.

మనం అడగాల్సినవి

ఒకటి. పరీక్ష ఉదయం 6 గంటలకే ఊళ్లో జరగాలి. పది గంటలకు వస్తే జనం చేలో ఉంటారు, ఉన్నవాళ్లు తిని ఉంటారు. నెలకు ఒక్క రోజైనా పొద్దున్నే రావాలి.

రెండు. అంకె, తేదీ, తిన్నారో పరగడుపో కార్డు మీద రాసి ఇవ్వాలి. పేరూ అంకే మైకులో చదవకూడదు. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇళ్లు భయపడి పరీక్షకే రావడం లేదు.

మూడు. అనుమానం వచ్చిన ప్రతి మనిషికి రెండు వారాల లోపు ఉచితంగా ల్యాబ్ పరీక్ష జరగాలి.

నాలుగు. మాత్రలు విలేజ్ క్లినిక్‌లోనే, తెగకుండా దొరకాలి. బెంగళూరుకు వలస పోయేవాళ్లకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. మాత్ర ఆగేది ఎక్కువగా అక్కడే.

ఐదు. చౌక దుకాణంలో రాగులు, జొన్నలు, కొర్రలు ఏడాది పొడవునా ఇవ్వాలి, వాటిని మన దగ్గరే కొనాలి. కేంద్రం మద్దతు ధర జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్ర లేదు. కొర్ర తినమని డాక్టరు చెబుతాడు, పండించమని వ్యవసాయ అధికారి చెబుతాడు. కొంటామని చెప్పేవాళ్లు కూడా ఉండాలి కదా.

మనం చేయాల్సినవి

ఊరికిద్దరు సభ్యులు, ఒక అక్క, ఒక అన్న, బాధ్యత తీసుకోవాలి. వాళ్లు సూది గుచ్చొద్దు, మందు చెప్పొద్దు. అది ఏఎన్ఎం, డాక్టరు పని. పరీక్షకు ఎవరు రాలేదు, రెండో పరీక్షకు ఎవరు పోలేదు, ఎవరికి మాత్రలు తెగాయి అనేది చూసుకోవాలి, తోడు పోవాలి. టేపుతో నడుము కొలవడం ఎవరైనా చేయొచ్చు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే, ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే, వాళ్లను ముందు పంపండి.

వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఆ ఇద్దరి పేర్లు రావాలి. ఈ ఐదు కోరికల వినతిపత్రం మీద ఈరోజే సంతకాలు చేసి పోండి. మండల వైద్యాధికారికి ఇచ్చేటప్పుడు అందరం కలిసి పోదాం. ఏం జవాబు వచ్చిందో ఈ పత్రికలోనే రాస్తాం.