ఒకరు పంచ్ చేస్తే ఒకరు వెరిఫై చేయాలి
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘మారుతున్న కంప్యూటర్లు, ఉద్యోగం, సంసారం’ అని విషయం ఇచ్చి కాసేపు మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. మొదటి రెండింటిలో 37 ఏళ్ల సర్వీసు ఉంది కనుక మాట్లాడగలను. మూడోదానికి మా ఆవిడ అనుమతి తీసుకునే వచ్చాను. ఆవిడ మూడో వరుసలో కూర్చుంది. ఏదైనా తేడాగా చెబితే అక్కడినుంచే దిద్దుతుంది.

నేను ప్రోగ్రామరుగా చేరిన 1973లో మా ఆఫీసులో ఉన్నది ఐ.బి.ఎం. 1401. గదినిండా ఉండే ఆ యంత్రం మెమరీ ఎంత పెంచినా 16,000 అక్షరాలు. ఈ రోజు మీ మనవరాలు ఫోనులో పంపే ఒక్క ఫోటో పట్టాలంటే అలాంటి యంత్రాలు వంద ఉన్నా చాలకపోవచ్చు. అయినా వేలమంది జీతాల పట్టీలు నెల తిరిగేసరికి దానిమీదే తయారయ్యేవి. ఎలా? దానికి ముందు మనుషులు పడిన శ్రమవల్ల.

లెక్కంతా కార్డులమీద ఉండేది. కార్డుకు 80 నిలువు వరుసలు, వరుసకొక అక్షరం. పంచింగ్ ఆపరేటరు ఓచరు చూసి కార్డుకు చిల్లులు వేసేవారు. ఆ కార్డు నేరుగా కంప్యూటరు దగ్గరికి వెళ్లేది కాదు. రెండో ఆపరేటరు దాన్ని వెరిఫయర్ యంత్రంలో పెట్టి, అదే ఓచరు చూసి, మొదటినుంచీ మళ్లీ కొట్టేవారు. ఈసారి చిల్లులు పడవు. నొక్కిన మీటకూ ఉన్న చిల్లుకూ పొంతన కుదరకపోతే యంత్రం ఆగిపోయేది, ఎర్రదీపం వెలిగేది. అంతా సరిపోతే కార్డు కుడి అంచున చిన్న గాటు పడేది. కార్డుల కట్ట చేతిలోకి తీసుకుని అంచు చూస్తే చాలు, గాటు లేని కార్డు ఇట్టే తెలిసిపోయేది.

ఎర్రదీపం వెలిగిందని మొదటి ఆపరేటరు చిన్నబుచ్చుకునేవారు కాదు, రెండో ఆపరేటరు విర్రవీగేవారు కాదు. ఒకరి పని ఇంకొకరు చూడడం అవమానం కాదని, అదే పద్ధతి అని అందరికీ తెలుసు.

తర్వాత ఎన్నో మారాయి. 1978లో ఐ.బి.ఎం. మనదేశం వదిలి వెళ్లింది. ఆ యంత్రాల మరమ్మతు బాధ్యత ప్రభుత్వ సంస్థ సి.ఎం.సి. తీసుకుంది. కార్డులు పోయి టేపులు, డిస్కులు వచ్చాయి. 1980 దశకంలో బల్లమీద పట్టే పర్సనల్ కంప్యూటర్లు వచ్చాయి. ఉద్యోగాలు పోతాయని బ్యాంకు, బీమా సంఘాలు ఆందోళనలు చేసిన రోజులు మీలో చాలామందికి గుర్తే. పంచింగ్ గది మూతపడింది నిజమే. కానీ రెండో మనిషి అవసరం మూతపడలేదు.

అది వై2కె నాడు రుజువైంది. మెమరీ పొదుపుకోసం 1973ని 73 అని రెండంకెల్లో రాసుకున్న ప్రోగ్రాములు దేశదేశాల్లో ఉన్నాయి. 2000 వస్తే అవి 00ని 1900 అనుకునే ప్రమాదం. మన తెలుగు పిల్లలు ఎందరో ఆ పనిమీదే అమెరికా వెళ్లారు. మేము ఇక్కడ 1998, 99 సంవత్సరాల్లో పాత ప్రోగ్రాములను వరుసవరుసా చదివాము. అందులో ఇంకో మెలిక ఉంది. 100తో భాగింపబడే సంవత్సరం లీపు సంవత్సరం కాదు, కానీ 400తో భాగింపబడితే అవుతుంది. కనుక 2000 ఫిబ్రవరికి 29 రోజులు. సగం సూత్రం మాత్రమే తెలిసినవారు 28 దగ్గరే ఆగిపోతారు. అందుకే ఒకరు దిద్దిన ప్రోగ్రామును మరొకరు చూడనిదే వాడకూడదని మా సెక్షన్లో నియమం పెట్టుకున్నాం.

ఇక సంసారం సంగతి. మా తరంలో మగవాడు జీతం తెచ్చి ఇంట్లో ఇచ్చేవాడు. మెషిన్ ఖాళీ దొరికే రాత్రిపూట నేను ఆఫీసులో ఉంటే, పాలు, బియ్యం, పిల్లల ఫీజులు, చీటీ వాయిదా అన్నీ మా ఆవిడ చిట్టా పుస్తకంలో ఉండేవి. ఆ పుస్తకం వంటింటి అలమరలో ఉండేది. ఎవరు తెరిచినా చదువుకోవచ్చు.

మరి ఇప్పుడో? పింఛను, కరెంటు బిల్లు, గ్యాసు, ఫిక్సెడ్ డిపాజిట్లు అన్నీ భర్త ఫోనులోకి వెళ్లిపోయాయి. దానికి తాళం, తాళానికి నంబరు, ఆ నంబరు ఆయన బుర్రలో. నలభై ఏళ్లు ఇంటి లెక్క నడిపిన ఇల్లాలికి ఈ రోజు బ్యాంకులో ఎంత ఉందో తెలియదు. సాంకేతికత మనకు ఎంతో మేలు చేసింది, కాదనను. కానీ ఇంటి లెక్కను ఆవిడ చేతిలోంచి చప్పుడు లేకుండా తీసేసుకుంది. ఈ సంగతి ఎవరూ గమనించడం లేదు.

దీని ఫలితం కళ్లారా చూశాను. నాతో పనిచేసిన ఒక మిత్రుడు హఠాత్తుగా పోయాడు. ఫోను తెరవడం భార్యకు రాదు. డిపాజిట్లు ఏయే బ్యాంకుల్లో ఉన్నాయో తెలియదు. పింఛను కాగితాల్లో ఆమె పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. ఆ దుఃఖంలో నెలల తరబడి కౌంటర్ల చుట్టూ తిరిగింది. భర్త నెమ్మదస్తుడే, లెక్కలో దిట్టే. కానీ ఆయన పంచ్ చేసిన కార్డును ఇంట్లో ఎవరూ వెరిఫై చేయలేదు.

కాబట్టి మిత్రులారా, ఈ వారంలోనే దంపతులిద్దరూ కూర్చోండి. పింఛను ఉత్తర్వు, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి ఇద్దరి పేర్లు, పుట్టిన తేదీలు అక్షరం అక్షరం సరిచూడండి. నామినేషన్ ఎవరి పేర ఉందో చూడండి. ఖాతా జాయింటుగా, ఇద్దరిలో ఎవరైనా నడుపుకునేలా ఉంచండి. ఏది ఎక్కడ ఉందో ఒక నోటుపుస్తకంలో రాసి, మీ ఆవిడ చేత చదివించండి. ఆవిడకు అర్థం కాకపోతే మీరు రాసింది సరిగా లేదన్నమాట.

లైఫ్ సర్టిఫికెట్ మాట కూడా చెబుతాను. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది, 2021 నుంచి ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లు నవంబరులో, 80 దాటినవారు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. ఇ.పి.ఎస్.-95 వారు ఎప్పుడు ఇచ్చినా ఏడాది చెల్లుతుంది. ఈ పని ఇద్దరికీ వచ్చి ఉండాలి.

ఇంకొకటి. పోలీసులమంటూ వీడియోలో కనబడి ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరిస్తున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. వాళ్లు మొదట చెప్పే మాట ‘ఇంట్లో ఎవరికీ చెప్పవద్దు’ అని. ఎందుకో తెలుసా? రెండో మనిషి వింటే ఎర్రదీపం వెలుగుతుంది. భార్యకు, లేదా భర్తకు చెప్పనిదే ఎవరికీ పైసా పంపమని ఒట్టు పెట్టుకోండి. అప్పటికే డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

మా ఇంట్లో ఆదివారం పనులు తారుమారు చేసుకున్నాం. ఆ రోజు బిల్లులు, బ్యాంకు పని ఆవిడవి, వంట నాది. ఆవిడ నాలుగు వారాల్లో నేర్చుకుంది. నా పప్పుచారు ఇంకా వెరిఫికేషన్లోనే ఉంది. ఇది సరదాకు కాదు. రేపు ఎవరు ఒంటరిగా మిగిలినా చేతులు ముడుచుకుని కూర్చోకూడదని.

ఇప్పుడు కృత్రిమ మేధ ప్రోగ్రాములు కూడా రాసేస్తోంది కదా తాతయ్యా, మరి నేను చదివేదెందుకని మనవడు అడుగుతున్నాడు. ‘రాసేవాళ్లు ఎప్పుడూ మారుతూనే ఉన్నారురా, సరిచూసే మనిషివి నువ్వు కావాలి, దానికే చదువు’ అన్నాను. కార్డులకైనా, కృత్రిమ మేధకైనా, కాపురానికైనా ఈ మాట వర్తిస్తుందని నా నమ్మకం.

ఇంటికి వెళ్లాక ఆ కాగితాలు బయటికి తీయండి. వచ్చే సమావేశంలో ఎంతమంది తీశారో చేతులెత్తించి అడగమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.