ఆరోగ్య కార్యకర్తలు – పరిసరాల శుభ్రత
(బాపట్లలో జరిగిన వార్షిక సమావేశంలో వైద్య సహాయ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కోరారు. జబ్బుల గురించీ, మందుల గురించీ ఏటా చెబుతూనే ఉన్నాము. ఈ ఏడు మాత్రం మేము చేసిన తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలని వచ్చాము.

క్రిందటేడు మన సంఘం ఉచిత వైద్య శిబిరం జరిపింది. జనం బాగా వచ్చారు. షుగరు పరీక్షలు చేశాము, ఇంజక్షన్లు వేశాము. సాయంత్రం అందరూ మెచ్చుకున్నారు. పోయేటప్పుడు దూదీ, సూదులూ, భోజనాల విస్తళ్ళూ ఒకే సంచిలో కుక్కి, గోడ వారగా పెట్టి ఇళ్ళకు వెళ్ళిపోయాము. తెల్లవారి ఆ సంచి ఎత్తిన పారిశుద్ధ్య కార్మికురాలి అరచేతిలో సూది దిగింది. ఆమె మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. ఒక్కటే అడిగింది: “ఇది ఎవరికి పొడిచిన సూదమ్మా?” మా దగ్గర జవాబు లేదు.

వెంటనే సబ్బుతో చెయ్యి కడిగించి ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఎయిడ్స్ సోకకుండా మందు మొదలు పెట్టాలంటే గంటల లెక్క. 72 గంటలు దాటితే ఉపయోగం లేదు. కామెర్ల వైరసుల భయం వేరే ఉంది. ఆరు నెలల పాటు పరీక్షలు జరిగి, చివరకు ఏమీ లేదని తేలింది, అల్హందులిల్లాహ్. కాని ఆ ఆరు నెలలూ, అలా అంటుకోదని మేమెంత చెప్పినా, ఆమె తన పిల్లలకు అన్నం కలిపి పెట్టడానికి జంకింది. ఆ భయం మేము పెట్టిందే.

దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో భాగమేనని దైవప్రవక్త (స) బోధించారు. ముల్లు తీయవలసిన మేమే దారిలో ముల్లు పారేశాము.

సోదరులారా, ఆసుపత్రి చెత్తలో సుమారు 85 పాళ్ళు మామూలు చెత్తేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ప్రమాదమంతా మిగిలిన 15 పాళ్ళలోనే ఉంది. ఆ 15ను తీసుకుపోయి 85లో కలిపితే నూరూ ప్రమాదమే. కలపకుండా ఉంచగలిగేది ఎవరు? పెద్ద డాక్టరు గారు కాదు, ఆఫీసులో అధికారి కాదు. సూది వేసిన నర్సు, కట్టు విప్పిన కాంపౌండరు, వార్డు ఊడ్చే ఆయా. ఆ క్షణంలో వారి చెయ్యి ఏ డబ్బా వైపు పోతుందన్నదే అసలు సంగతి.

మన దేశంలో దీనికి 1998లోనే నిబంధనలు వచ్చాయి. 2016లో వాటిని తిరగరాసి రక్తదాన శిబిరాలను, టీకా శిబిరాలను కూడా వాటి క్రిందకు తెచ్చారు. నెత్తుటి దూదికి, కాలం చెల్లిన మందులకు పసుపు సంచి. సెలైను గొట్టాలకు, సూది తీసేసిన సిరంజికి ఎర్ర సంచి. సూదులకు, బ్లేళ్ళకు గుచ్చుకోని తెల్ల డబ్బా. మందు సీసాలకు నీలం. 48 గంటలు దాటకుండా అది శుద్ధి కేంద్రానికి పోవాలి. చిన్నపిల్లలు కూడా నేర్చుకోగల పాఠమిది.

“ఎందుకీ గొడవ, తగలబెడితే పోలా? గుంట తీసి పూడ్చితే పోలా?” అనేవారున్నారు. ప్లాస్టిక్ గొట్టాలు తగలబెడితే డయాక్సిన్లనే విషాలు పొగలో వస్తాయి. ఇక పూడ్చడమంటారా? గుంట అడుగుకు ఆరు మీటర్ల లోతు వరకు నీరు తగలకూడదని నియమం. మనది ఇసుక నేల. సూర్యలంక వైపు నాలుగు చేతుల లోతు తవ్వితేనే నీళ్ళూరతాయి. పైగా మనది తుపాన్ల తీరం. 1977 నవంబరు తుపాను చూసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో కృష్ణ పొంగి రేపల్లె వైపు లంకలను ముంచింది. మనం పూడ్చింది ఏనాటికైనా నీటితో పైకి లేస్తుంది.

పాదరసం సంగతీ అంతే. పగిలిన థర్మామీటరులోని పాదరసాన్ని చీపురుతో కాలువలోకి ఊడ్చేస్తాము. నీటిలో అది మరింత విషంగా మారి చేపల ఒంట్లో చేరుతుంది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం వల్ల జపానులోని మినమాటాలో చేపలు తిన్నవారి నరాలు దెబ్బతిన్న సంగతి 1956లో బయటపడింది. నిజాంపట్నం చేపలు తినే మనకు ఆ కథ దూరపుది కాదు. ఇప్పుడు పాదరసం లేని థర్మామీటర్లు దొరుకుతున్నాయి, అవే కొనండి. పాతది పగిలితే అట్టముక్కతో ఎత్తి మూత సీసాలో పెట్టి ఆసుపత్రిలో ఇవ్వండి.

అన్నిటికంటె తేలిక మార్గం మరొకటి ఉంది. అవసరం లేని సూది వేయించుకోకపోవడం. “సూది వేస్తేగాని జ్వరం తగ్గదు, సెలైను ఎక్కిస్తేగాని నీరసం పోదు” అని మీరు పట్టుబడతారు, మేము మొహమాటపడి వేస్తాము. బిళ్ళతో పోయేదానికి ఒక సిరంజి, ఒక సూది, ఒక సీసా చెత్తలో చేరతాయి. పారే ఏటి ఒడ్డున వుజూ చేసినా నీళ్ళు వృథా చేయవద్దన్న బోధ మనకు ఉంది గదా!

కాబట్టి సంఘం వారికి మా మనవి మూడు విషయాలు. ఇకమీదట మన శిబిరంలో రంగు సంచులు, సూదులు కత్తిరించే పరికరం లేనిదే ఇంజక్షను వేయరాదు. సంచులు ఎవరు తీసుకువెళ్ళేదీ ముందే ఆసుపత్రితో మాట్లాడి ఖాయం చేసుకోవాలి. రెండవది, మన పేటల్లో చెత్త ఎత్తే వారికి హెపటైటిస్ బి టీకాలు సంఘం ఖర్చుతో వేయించాలి. మూడవది, షుగరుకు ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారు సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి మాకు తెచ్చి ఇవ్వాలి. ఆ డబ్బాలు ఆసుపత్రికి చేర్చే పూచీ మాది.

ఆ సోదరి ఈనాటికీ మన వీధి ఊడుస్తూనే ఉంది. వచ్చే శిబిరం మర్నాడు ఆమె మన సంచి ఎత్తేటప్పుడు జంకకుండా ఎత్తగలిగితే, మన సేవ సేవ అనిపించుకుంటుంది. అల్లాహ్ మనకు ఆ బుద్ధిని, ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.